చక్రాల మేస్త్రి

సైకిలు మేస్త్రి కొట్టును పడగొట్టిన రోజు ఆయన అక్కడ లేడు. వెళ్లొద్దని భార్య పట్టుబట్టింది. "మీరు వెళ్లి చేసేదేముంది? గోడకు అడ్డం నిలబడతారా? ఇంట్లో కుళాయి కారుతోంది, అది చూడండి" అంది. ఆయన ఆ కుళాయి ముందు కూర్చుని, పది నిమిషాల పనిని పొద్దు వాలేదాకా చేశాడు. రోడ్డు వెడల్పు చెయ్యడానికి ఆ వరసలో పదకొండు కొట్లు తీసేశారు. అన్నిట్లోకీ చిన్నది ఆయనదే. ముందు ఒక బల్ల, వెనక ఒక నీళ్ల తొట్టి, పైన కొక్కేలకు వేలాడే టైర్లు. ముప్ఫయ్యొక్క ఏళ్లు ఆ తొట్టిలో ట్యూబులు ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందా అని చూసిన మనిషి ఆయన.

మళ్లీ కొట్టు పెట్టలేదు. పెట్టినా వచ్చేవాళ్లు ఎవరు? ఆ వీధిలో సైకిళ్లు ఎప్పుడో పలచబడ్డాయి. నిజం చెప్పాలంటే చివరి రెండేళ్లూ మేస్త్రి ఈగలు తోలుకుంటూనే కూర్చున్నాడు. అయినా పొద్దున్నే తలుపులు తియ్యడం, సాయంత్రం వెయ్యడం కూడా ఒక పనే. అది కూడా పోయాక, యాభై ఏడేళ్ల వయసులో, రోజుని ఏ వైపు నుంచి పట్టుకోవాలో ఆయనకు తెలియలేదు. పనిముట్ల పెట్టెను మంచం కిందికి తోసేశాడు. కిటికీ పక్కన కుర్చీ వేసుకుని వచ్చేపోయే బళ్ల చప్పుడు వింటూ, "వీడి చైను వదులైంది", "దీని వెనక బేరింగు వారం ఆగదు" అని తనలో తనే గొణుక్కునేవాడు.

బావమరిదికి పక్క వీధిలో అచ్చాఫీసు ఉంది. ఆదివారం వస్తే చాలు, వచ్చి ఎదురుగా కూర్చునేవాడు.

"బావా, ఇన్నేళ్లు ఒళ్లు వంచి పని చేశావు. ఇంక కాలు మీద కాలేసుకుని కూర్చో."

"కూర్చునే ఉన్నానుగా."

"కూర్చున్నావు సరే. ఆ మొహం ఏమిటి, పరీక్ష తప్పినవాడిలాగా?"

మేస్త్రి భార్యకు దేవుడంటే గొప్ప నమ్మకం. అదేదో పెద్ద ఆర్భాటంగా ఉండేది కాదు. పొద్దున్నే లేవగానే కళ్లు మూసుకుని పెదాలు కదిపేది, అంతే. కాకపోతే ఆ చిట్టా పొడుగు. ఇంట్లోవాళ్ల బాధలు, వీధిలోవాళ్ల బాధలు అయ్యాక, పేపర్లో చదివిన ముక్కూ మొహం తెలియనివాళ్ల బాధలు కూడా వరసపెట్టి చెప్పేది. మేస్త్రికి ఇదంతా వేళాకోళంగా ఉండేది.

"తెల్లారేసరికల్లా ఇంత పని ఒప్పజెబితే, ఆయన టీ తాగేదెప్పుడు?" అనేవాడు.

"మీ సంగతి కూడా చెప్పాను లెండి. మీకేదైనా పని చూపించమని."

"నేను అడగలేదే."

"మీరు అడగరు కాబట్టే నేను అడిగాను."

ఇలా ఎనిమిది నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆవిడ పై డాబా మీద ఆరేసిన బట్టలు తీసుకుని దిగుతూ, ఆఖరి మెట్టు అయిపోయిందనుకుని కాలు వేసింది. ఇంకొక మెట్టు ఉంది. మేస్త్రి పరుగెత్తుకొచ్చేసరికి బట్టల మధ్య పడి ఉంది. అరవలేదు, ఏడవలేదు. "లేవలేనండీ" అంది, అంతే.

ఆసుపత్రి పాత భవనం, మూడు అంతస్తులది. తుంటి ఎముక విరిగిందేమో చూడాలని ఆవిడను స్ట్రెచరు మీద ఫొటో తీసే గదికి తీసుకెళ్లారు. నడవా పొడుగునా నేల పలకల మధ్య సందులు. స్ట్రెచరు ముందు చక్రం ఒకటి తిరగడం లేదు, ఈడ్చుకుపోతోంది. సందు వచ్చినప్పుడల్లా బండి ఎగిరిపడుతోంది. ఎగిరిపడినప్పుడల్లా ఆవిడ కింది పెదవిని పళ్లతో నొక్కిపడుతోంది. మేస్త్రి పక్కనే నడుస్తూ మొదట ఆవిడ మొహం చూశాడు, తర్వాత చక్రం చూశాడు. గది బయట బండి ఆగగానే మోకాళ్ల మీద కూర్చుని, జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి చక్రంలో గుచ్చాడు.

"ఏమండీ, ఏం చేస్తున్నారక్కడ?"

తలెత్తి చూస్తే తెల్ల చీరలో ఒక పొడుగాటి మనిషి. ఆ అంతస్తుకు పెద్ద సిస్టరు ఆవిడే.

"ఇరుసుకి జుట్టూ దారాలూ చుట్టుకున్నాయమ్మా. తీస్తున్నాను."

"మీరెవరు?"

"ఈ బండి మీదున్నావిడ మొగుణ్ణి."

మేస్త్రి అరచేతి నిండా మురికి దారాల ఉండ తీసి చూపించాడు. తిరుగు ప్రయాణంలో స్ట్రెచరు చప్పుడు లేకుండా వచ్చింది.

తుంటి విరిగింది. అది అతికించడం పెద్ద పని కాదట, కానీ ఆవిడ గుండె కొంచెం బలహీనంగా ఉంది. "మత్తు ఇచ్చినప్పుడు ఏమవుతుందో ముందే చెప్పలేం" అన్నాడు డాక్టరు. నాలుగు రోజులు పరీక్షలు చేశారు. ఐదో రోజు పొద్దున ఆపరేషనుకు తీసుకెళ్లబోతుంటే ఆవిడ మేస్త్రి చెయ్యి పట్టుకుంది.

"పై అంతస్తులో ప్రార్థన గది ఉందట. వెళ్లి కూర్చోండి."

"నాకవన్నీ రావని నీకు తెలుసుగా."

"రాకపోతే మాట్లాడండి. నాతో మాట్లాడినట్టే."

"నీతో అయితే పోట్లాడతాను."

"అయితే పోట్లాడండి. వెళ్లండి మరి."

తలుపులు మూసుకున్నాయి. మేస్త్రి కాసేపు ఆ తలుపుల్నే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఏ పనీ తోచక మెట్లెక్కి వెళ్లాడు.

అన్ని రకాలవాళ్లూ వచ్చి కూర్చునే గది కాబట్టి దాని గోడల మీద ఏమీ లేదు. పది కుర్చీలు, ఒక కిటికీ. లోపల ఎవరూ లేరు. మేస్త్రి తలుపు దగ్గరి కుర్చీలో కూర్చుని గొంతు సవరించుకున్నాడు. ఎవరైనా వింటారేమోనని ఒకసారి వెనక్కి చూసి, మెల్లగా మొదలుపెట్టాడు.

"నేనెవరో నీకు తెలిసుండదు. రోజూ పొద్దున్నే చిట్టా చదువుతుందే, ఆవిడ మొగుణ్ణి. అది ఇస్తాను, ఇది చెయ్యి అని బేరమాడటానికి రాలేదు. ఇవ్వడానికి నా దగ్గరేమీ లేదు కూడా. ఆవిడ ఇన్నేళ్లూ అందరి గురించీ నిన్ను అడిగింది. ఇవాళ ఆవిడ గురించి అడగడానికి ఇంకెవరూ లేరు. నేనొక్కణ్ణే ఉన్నాను. అందుకని వచ్చాను."

ఆ తర్వాత ఊరికే కూర్చున్నాడు. బయట నడవాలో బళ్లు పోతున్నాయి. అలవాటు కొద్దీ ఆయన చెవి వాటి మీదికి పోయింది. కీచుమనేది ఒకటి, టకటకమనేది ఒకటి, గాలి లేని టైరుతో తపతపలాడుతూ పోయేది ఒకటి. ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని విన్న చప్పుళ్ల లాంటివే. కానీ ఇక్కడ ప్రతి చప్పుడు మీదా ఒక మనిషి పడుకునో కూర్చునో ఉన్నాడు, పెదవి కొరుక్కుంటూ. ఈ సంగతి తోచగానే మేస్త్రి నిటారుగా కూర్చున్నాడు. ఎవరో పేరు పెట్టి పిలిచినట్టయింది. గదిలో మాత్రం ఎవరూ లేరు.

మూడు గంటల తర్వాత డాక్టరు మాస్కు కిందికి లాగి నవ్వాడు. "బాగా జరిగింది. గుండె కూడా మాట విన్నది" అన్నాడు. మేస్త్రి గోడకు ఆనుకున్నాడు. ఏడుస్తున్నానని ఆయనకు కాసేపటిదాకా తెలియలేదు.

మర్నాడు భార్య కళ్లు తెరిచి, గొంతు తడుపుకుని, మొట్టమొదట అడిగిన మాట, "పోట్లాడారా?"

"లేదు. మర్యాదగానే మాట్లాడాను" అన్నాడు. ఆవిడ మళ్లీ కళ్లు మూసుకుంది, నవ్వు మొహంతో.

ఆ మధ్యాహ్నమే ఇంటికి వెళ్లి మంచం కింద నుంచి పనిముట్ల పెట్టె లాగి, దుమ్ము దులిపి తెచ్చుకున్నాడు. పెద్ద సిస్టరు బల్ల ముందు నిలబడి, "అమ్మా, ఆవిడ నిద్రపోతున్నంతసేపూ నేను ఖాళీనే. ఈ బళ్లు కాస్త చూడనా?" అన్నాడు.

ఆవిడ ఆయన్ని మెట్ల కింద ఒక గదికి తీసుకెళ్లి తలుపు తీసింది. లోపల చక్రాల కుర్చీలు ఒకదాని మీద ఒకటి గుట్టగా పడి ఉన్నాయి, నలభై దాకా. వంకర పోయిన రిమ్ములు, ఊడిపోయిన చువ్వలు, చిరిగిన సీట్లు, కాళ్లు పెట్టుకునే పలకలు లేనివి కొన్ని. మూడు అంతస్తులకీ కలిపి నడిచే కుర్చీలు ఆరే ఉన్నాయని ఆవిడ చెప్పింది. అవీ అంతంత మాత్రమేనట.

స్టోరు గుమాస్తా పరుగెత్తుకొచ్చాడు. నిబంధనల పుస్తకం ఆయనకు కంఠస్థం.

"సిస్టరమ్మా, ఇవన్నీ పనికిరానివని రాసి పైకి పంపించాం. జవాబు వచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదు."

"జవాబు ఎప్పుడొస్తుంది?"

"నాలుగేళ్లయింది. వస్తుంది."

పెద్ద సిస్టరు కాస్త ఆలోచించింది. "ముట్టుకోకూడదు సరే, దుమ్ము దులపొచ్చా?"

"దుమ్మా? దులపొచ్చు. దులపకూడదని ఎక్కడా లేదు."

"అయితే మేస్త్రిగారు దుమ్ము దులుపుతారు. దులుపుతుంటే ఏదైనా బాగుపడిందనుకోండి, మనమేం చేస్తాం?"

గుమాస్తా తల గోక్కుంటూ వెళ్లిపోయాడు.

మేస్త్రి దుమ్ము దులపడం మొదలుపెట్టాడు. మొదటి వారం మూడు కుర్చీలు లేచాయి. మరీ పాడైనవైతే రెండింటిని విప్పి ఒకటి కట్టేవాడు. బేరింగులు విప్పి, గోళీల్ని కిరోసిన్లో కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి, కొత్త గ్రీజు కూరి మళ్లీ బిగించేవాడు. రిమ్ముని వేలితో తిప్పి, ఒక చువ్వ బిగించి, ఎదుటి చువ్వ వదులు చేసి, వంకర తీసేవాడు. బావమరిది పాత కొట్లవాళ్ల చుట్టూ తిరిగి టైర్లూ ట్యూబులూ బస్తాలో వేసుకొచ్చి, "బావా, పదవీ విరమణ చేశావనుకున్నానే" అని బస్తా కింద పడేసి పోయాడు.

పొద్దున పని మొదలుపెట్టేముందు మేస్త్రి పై గదిలో ఐదు నిమిషాలు కూర్చునేవాడు. "వచ్చాను" అని మొదలుపెట్టేవాడు. ఆ రోజు చెయ్యబోయే కుర్చీ గురించి, అది ఎవరికి వెళ్తుందో ఆ మనిషి గురించి చెప్పేవాడు. కొట్టు ఎందుకు పోయిందని కూడా ఒకటి రెండుసార్లు అడిగాడు. దానికి జవాబు రాలేదు. అయినా మర్నాడు మళ్లీ వెళ్లి కూర్చునేవాడు. జవాబు రాకపోయినా వింటున్నారన్న నమ్మకం ఎప్పుడు కుదిరిందో ఆయనకే తెలియదు.

కింది వార్డులో ఒక లెక్కల టీచరమ్మ ఉండేది. పింఛను పుచ్చుకుంటున్న ఒంటరి మనిషి. నడుం దగ్గర దెబ్బ తగిలి కాళ్లు పనిచెయ్యడం లేదు. రెండు నెలలుగా మంచం మీదే, గోడ చూస్తూ. మేస్త్రి నాలుగో కుర్చీ ఆవిడకు తెచ్చాడు. ఆవిడ దాన్లో కూర్చుని నడవా చివరి దాకా స్వయంగా తోసుకుంటూ వెళ్లి, కిటికీలోంచి రోడ్డు చూసి, తిరిగొచ్చింది.

"ఎడమకి లాగుతోంది" అంది.

"ఎంతమ్మా?"

"పది అడుగులకి అర అడుగు."

మేస్త్రి అక్కడే కూర్చుని నట్టు సర్దాడు. ఆవిడ మళ్లీ వెళ్లొచ్చింది. "ఇప్పుడు రెండంగుళాలు. ఫరవాలేదు, ప్యాసు చేస్తున్నాను" అంది. తర్వాత మొహం పక్కకు తిప్పుకుని, "రోడ్డు చూసి అరవై ఎనిమిది రోజులైంది" అంది.

నెల తర్వాత భార్యను ఇంటికి పంపించారు. సామాను సర్దుతుంటే పెద్ద సిస్టరు మొహం కాస్త చిన్నబోయింది. మేస్త్రి అది గమనించి, "రేపు తొమ్మిదికి వస్తానమ్మా, పదహారో కుర్చీ సగంలో ఉంది" అన్నాడు.

అంతా నున్నగా సాగిపోయిందని చెప్తే అబద్ధమవుతుంది. ఒకరోజు ఆయన అతికించిన కాళ్ల పలక ఒకటి విరిగి, ఒక ముసలాయన కుర్చీలోంచి ముందుకు జారాడు. మోకాలు చెక్కుకుపోయింది. పెద్ద దెబ్బేమీ కాదు. గుమాస్తా, "ముట్టుకోకూడదని ఊరికే అన్నానా" అన్నాడు. మేస్త్రి ఇంటికి వచ్చి రెండు రోజులు కదల్లేదు. "నేను చేసేది సేవా, ప్రమాదమా? నాకు నేనే పెద్ద పనివాణ్ణనుకుని వాళ్ల ప్రాణాలతో ఆడుకుంటున్నానేమో" అన్నాడు.

భార్య చేతికర్రతో మెల్లగా నడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"కొట్టులో వేసిన పంక్చర్లన్నీ నిలిచాయా?"

"అన్నీ ఎలా నిలుస్తాయి?"

"నిలవకపోతే ఏం చేసేవారు?"

"మళ్లీ విప్పి చూసేవాణ్ణి."

"మరి?"

మూడో రోజు పొద్దున మేస్త్రి మొదట ఆ ముసలాయన మంచం దగ్గరికి వెళ్లి క్షమించమని అడిగాడు. ఆయన, "నా మోకాలిదేముంది, డెబ్బై ఏళ్ల పాత సరుకు. నువ్వు రాకపోతే మాత్రం నేను మళ్లీ మంచానికే" అన్నాడు. మేస్త్రి అప్పటికే ఇచ్చిన కుర్చీలన్నిటినీ వెనక్కి తెప్పించి, ప్రతి పలకనీ తన బరువంతా వేసి, ఎక్కి తొక్కి చూశాకే వదిలాడు. బ్రేకులైతే రెండుసార్లు చూశాడు. ఆ రోజు నుంచి ఏ కుర్చీ పూర్తయినా, పాత నడకదారి మీదికి తీసుకెళ్లి, తానే కూర్చుని బ్రేకు వేసి చూడటం అలవాటు చేసుకున్నాడు. కింది నుంచి రెండో అంతస్తు దాకా మెట్లు లేకుండా వాలుగా కట్టిన దారి అది. లిఫ్టు వచ్చాక దాన్ని ఎవరూ వాడటం లేదు. మొదట్లో కొంత మేర తప్ప, పైనంతా విరిగిన మంచాలు అడ్డంగా పడేసి ఉంచారు.

వానాకాలం వచ్చింది. ఆ ఏడు వాన మూడు రోజులు ఏకధాటిగా కురిసింది. నాలుగో రోజు పొద్దున పది గంటలకు ఊరి పైనున్న పెద్ద కాలువ గట్టు తెగింది. ఫోన్లో కబురు వచ్చేసరికే ఆసుపత్రి గేటు దగ్గర బురద నీళ్లు పాముల్లా పాకుతున్నాయి. కింది అంతస్తులో యాభై ఎనిమిది మంది రోగులు. లేచి నడవగలిగినవాళ్లు పది మంది కూడా లేరు. పావుగంటలో కరెంటు పోయింది, లిఫ్టు ఆగింది.

పెద్ద సిస్టరు నడవా మధ్యలో నిలబడింది. గొంతు పెంచలేదు. "మేస్త్రిగారూ, మన దగ్గర కుర్చీలెన్ని?"

"ముప్ఫయ్యారు నడుస్తున్నాయమ్మా. స్ట్రెచర్లు తొమ్మిది."

"వాలు దారి మీద ఆగుతాయా?"

"ఆగుతాయి. నేను కూర్చుని చూశాను."

"కానీ పైన దారి నిండా మంచాలున్నాయే" అంది పెద్ద సిస్టరు. ఆ మాట పూర్తి కాకముందే దబదబమని చప్పుడు. స్టోరు గుమాస్తా బూట్లు విప్పేసి, పంట్లాం మోకాళ్ల పైకి మడిచి, మంచాల్ని ఒక్కొక్కటే ఈడ్చి పక్కకు పడేస్తున్నాడు. "ఇవి కూడా పనికిరానివని రాసినవే, ముట్టుకోవచ్చా గుమాస్తాగారూ?" అని ఎవరో అంటే, "నోరు మూసుకుని ఆ చివర పట్టుకో" అన్నాడు.

ఎక్కేవాళ్లు కుడి పక్క, ఖాళీ కుర్చీలతో దిగేవాళ్లు ఎడమ పక్క. డాక్టర్లు తోశారు, ఊడ్చేవాళ్లు తోశారు, రోగుల్ని చూడటానికి వచ్చిన చుట్టాలు తోశారు. మేస్త్రి మలుపు దగ్గర నిలబడి, "బ్రేకు వదలండి, ఇప్పుడు తొయ్యండి, అలసిపోతే బ్రేకు వేసి ఆగండి, సిగ్గుపడకండి" అని చెబుతూ, ఎవరికి చెయ్యి కావాలంటే వాళ్లకు చెయ్యి వేశాడు. నీళ్లు చీలమండ దాటి పిక్కల దాకా వచ్చాయి.

ముప్ఫై మంది దాకా పైకి చేరాక, మలుపులో ఒక స్ట్రెచరు గోడకు అడ్డం తిరిగి ఇరుక్కుపోయింది. వరస మొత్తం ఆగిపోయింది. ఆ ఆగిన వరసలో లెక్కల టీచరమ్మ కుర్చీ ఉంది. దాన్ని తోస్తున్న మనిషి స్ట్రెచరుకు సాయం వెళితే, మేస్త్రి వచ్చి కుర్చీ పట్టుకున్నాడు. బ్రేకు వేశాడు. కింద ఏవో బల్లలు నీళ్లలో తేలుతూ ఒకదానికొకటి కొట్టుకుంటున్న చప్పుడు. వరసలో ఎవరో ఏడవడం మొదలుపెట్టారు. ఆ ఏడుపు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటోంది.

"మేస్త్రీ, ఈ బ్రేకు ఎంతసేపు ఆగుతుంది?" అని అడిగింది టీచరమ్మ.

"మీరు కదలమనేదాకా ఆగుతుందమ్మా."

"నువ్వు రోజూ పై గదిలో కూర్చుంటావటగా. ఇప్పుడేదైనా ప్రార్థన చెప్పు."

"నాకు చెప్పడం రాదమ్మా. మాట్లాడతాను, అంతే."

"అయితే మాట్లాడు. గట్టిగా మాట్లాడు, అందరికీ వినపడేలా."

పది మంది మధ్యలో మేస్త్రి జీవితంలో ఎప్పుడూ గొంతు విప్పలేదు. చెవులు వేడెక్కాయి. కానీ అందరూ ఆయన వైపే చూస్తున్నారు. కుర్చీ పిడిని రెండు చేతులా పట్టుకునే మొదలుపెట్టాడు.

"వచ్చాను. ఇవాళ పై గదికి రావడం కుదరలేదు, ఇక్కణ్ణుంచే చెబుతున్నాను. ఇక్కడ మేం చాలామందిమి ఉన్నాం. ముందు స్ట్రెచరు ఇరుక్కుంది, వెనక నీళ్లు వస్తున్నాయి. అందరికీ భయంగా ఉంది, నాకూ ఉంది. చక్రాలు నేను చూసుకున్నాను. తోసేవాళ్ల చేతుల్లో బలం నువ్వు చూసుకో. కింద ఇంకా పద్దెనిమిది మంది ఉన్నారు. వాళ్లని మర్చిపోలేదని వాళ్లకు తెలిసేలా చెయ్యి. ఇంతకంటే నాకు రాదు."

ఏడుపు ఆగింది. అంతలో పైనుంచి గుమాస్తా గొంతు, "వచ్చేసింది, తొయ్యండి" అని. వరస కదిలింది.

పన్నెండు దాటి పది నిమిషాలకు ఆఖరి మనిషి పైకి చేరాడు. అప్పటికి కింది వార్డుల్లో నడుం లోతు నీళ్లు. పెద్ద సిస్టరు కాగితం పట్టుకుని మంచం మంచానికీ తిరిగి పేర్లు పిలిచింది. యాభై ఎనిమిది మందీ పలికారు. కాగితం మడిచి నడుం దగ్గర దోపుకుని, ఆవిడ నడవాలోనే నేల మీద కూర్చుని తల గోడకు ఆనించింది. పక్కన గుమాస్తా, ఆయన పక్కన మేస్త్రి. ఒళ్లంతా బురదే అయినా, అంత తేలిగ్గా ఉండటం మేస్త్రికి ఈ మధ్య ఎప్పుడూ గుర్తులేదు.

తర్వాత ఇల్లు గుర్తొచ్చింది. మేడ మీది వాటా, నీళ్లు రావని తెలుసు. అయినా ఫోన్లు పలకడం లేదు. సాయంత్రం నాలుగింటికి బావమరిది నడుం దాకా తడిసి వచ్చాడు.

"అక్క బాగానే ఉంది బావా. కిటికీ దగ్గర కూర్చుని ఈ ఆసుపత్రిలో వాళ్లందర్నీ పేరుపేరునా ఒప్పజెబుతోంది. లెక్కల టీచరమ్మట, మోకాలు చెక్కుకుపోయిన ముసలాయనట, ఇంకెవరెవరో. అరగంట విన్నాను. నీ పేరు ఆఖర్న వచ్చింది."

మేస్త్రి పగలబడి నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నాడో తెలియకపోయినా పక్కనున్నవాళ్లూ నవ్వారు.

నీళ్లు తీసి, ఎండ కాసి, బురద గట్టిపడ్డాక అసలు పని మొదలైంది. ప్రతి చక్రంలోనూ బురద. ముప్ఫయ్యారు కుర్చీలూ పెరట్లో బోర్లా తిప్పి పెట్టారు. మేస్త్రి మొదటి దాన్ని విప్పుతుంటే, డ్యూటీ దిగిన నర్సులు ఇద్దరు వచ్చి కూర్చున్నారు. రోగుల చుట్టాలు కొందరు వచ్చారు. లెక్కల టీచరమ్మ అందరికంటే ముందు బాగైన కుర్చీలో, మంచం దుప్పటి కప్పుకుని నీడలోకి వచ్చి, ఎన్ని అయ్యాయో ఎన్ని మిగిలాయో లెక్క చెబుతూ కూర్చుంది. మేస్త్రి భార్యను బావమరిది రిక్షాలో తీసుకొచ్చాడు. ఆవిడ ఒక స్టూలు మీద కూర్చుని, కడిగిన గోళీల్ని గుడ్డ మీద ఆరబెట్టసాగింది.

"ఏమండీ, ఇదేనా మీరు చేసే పని? ఇంత మురికి పనా?" అంది.

"ఇదే. కూర్చుంటే నడుం పట్టేస్తుంది, జాగ్రత్త."

ఆవిడ ఆయన మొహం వంక చూసింది. ఏడాది కిందట కిటికీ దగ్గర కూర్చున్న మొహం కాదది. ఇంకో గిన్నె దగ్గరికి లాక్కుంది.

స్టోరు గుమాస్తా చొక్కా చేతులు పైకి మడిచి కిరోసిన్ గిన్నె ముందు కూర్చుని ఉన్నాడు. ఉన్నట్టుండి కంగారుగా తలెత్తాడు.

"మేస్త్రిగారూ, పొరపాటైపోయింది. ఏ గోళీలు ఏ కుర్చీవో అన్నీ కలిసిపోయాయి."

మేస్త్రి గ్రీజు చేతిని గుడ్డకు తుడుచుకుని గిన్నెలోకి తొంగి చూశాడు.

"కలిసిపోనివ్వండి. అన్నీ ఒకటే సైజు" అన్నాడు.